శ్రోత కరవైన మనస్సు

తెలుగు నవలకు మనస్సు దొరికి సుమారు ఎనుబది ఏండ్లయినది. గోపీచందుగారి 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' 1940ల నడుమ, ఒకదాని వెంట ఒకటిగా వచ్చినవి. తరువాతి దశాబ్దిలో రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి 'అల్పజీవి', 1969లో నవీన్‌గారి 'అంపశయ్య' వెలువడినవి. ఈ నాలుగింటిని పేర్కొనకుండ మన మనోవైజ్ఞానిక నవలను గురించి ఎవరును వ్యాసము వ్రాయరు. వీనిలో చైతన్యస్రవంతి పాలెంత, జాయిస్ ఋణమెంత, ఫ్రాయిడు నీడ ఎంతవరకు పడినది అని తూచి చూచిన రచనలు మనకు కొల్లలుగా ఉన్నవి. నేనిచట అడుగదలచినది అంతకంటె చాల చిన్న ప్రశ్న. ఇన్ని వందల పుటల పొడవున తమలో తాము నలిగిపోయిన ఈ వయోజనులలో ఒక్కడైనను, తన మనస్సు తనకు లొంగుట లేదని గ్రహించి, చికిత్స కోరి, అది తెలిసినవాని వాకిటికి తనంత తాను నడచి వెళ్లినాడా?

వెళ్లినట్లు నాకు కనబడలేదు.

ఆనాడు అట్టి వాకిళ్లు ఎక్కడ ఉన్నవని వెంటనే ఎవరైనను అడుగవచ్చును. బొత్తిగా లేకపోలేదు. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు భారత మనోవిశ్లేషణ సంఘమును 1922లోనే స్థాపించినాడు. విశాఖపట్టణమున మానసిక వైద్యశాల పందొమ్మిదవ శతాబ్దినుండియు ఉన్నది. బెంగుళూరులోని వైద్యశాల 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థకు ఆధారమైనది. 1974లో ఏర్పడిన నేటి నిమ్‌హాన్స్ దాని రూపాంతరమే. అయితే ఆ భవనములు జనుల దృష్టిలో పిచ్చివారికొరకు కట్టినవి. ప్రతి దినమును పనికి పోవుచు, వేళకు అన్నము తినుచు, నలుగురితో నవ్వుచు, లోలోపల మునిగిపోవుచున్నవానికి అచట చోటు ఉన్నదని ఎవరికిని తోచలేదు. కనుక మన నవలాకారుల మౌనము అబద్ధము కాదు. అది ఆనాటి సంఘపు మౌనమే. ఆ మౌనము నేటికిని మన కథలలో అట్లే ఉన్నదేమని నా సందేహము.

వెనుకటి సాహిత్యమున స్థితి ఇంత దయనీయముగా లేదు. ప్రబంధ నాయిక మనోవ్యథకు గురియైనపుడు చెలికత్తెలు చేయు శైత్యోపచారములు మనకందరకు తెలిసినవే. తామరాకుల పాన్పు, గంధపు పూత, కప్పురపు పొడి, చివరకు చంద్రునిమీద తిట్లు. వీనిని విమర్శకులు వర్ణనల క్రింద కట్టి మూల నుంచినారు. కాని ఆ సన్నివేశముల నిర్మాణమును చూడుడు. దేహమునకు చలువ చేయుచునే చెలికత్తె ఒక ప్రశ్న అడుగును. నాయిక మొదట దాచును. చెలి మరల అడుగును. అప్పుడు సగము మాట, పిదప పూర్తి మాట బయటపడును. తాపము చందనమువలన తగ్గదని కవికి తెలియును. తగ్గించునది ప్రశ్న. మనోవ్యథ దేహముద్వారమున వ్యక్తమగుననియు, దానిని దేహమునుండియే ఆరంభించి మెల్లగా మాటలోనికి తేవలెననియు మన కవులు ఎరుగుదురు.

దీనికి ఎదురుగా యక్షగానపు ఎరుకసాని నిలుచును. ఆమె అడుగదు, చెప్పును. చేయి చూచి, బుట్ట దించి, నాయిక పెదవి కదపకముందే ఆమె గుండెలోని గుట్టును విప్పును. నాయిక చేయవలసినదెల్ల అవునని తల యూచుట. చెప్పకయే తెలిసికొనువానియందే మన గురి. నాడి పట్టి చెప్పలేని వైద్యుడు మనకు వైద్యుడే కాడు. నేటికిని ఎందరో రోగులు వైద్యుని ముందు చేయి చాచి మౌనముగా కూర్చుందురు. రోగమేదో కనిపెట్టుట అతని పని. మాటలతో సాగు మానసిక చికిత్స మన నడుమ కాలూనలేకపోవుటకు డబ్బు కొరత, వైద్యుల కొరత ఎంత కారణమో, ఈ ఎరుకసాని అంత కారణమని నా ఊహ. అచట రోగి చెప్పవలెను, వైద్యుడు వినవలెను. మనకు ఇది తలక్రిందులుగా తోచును.

(గీతా ప్రసక్తి లేక ఇట్టి వ్యాసములు నడువవు గనుక ఒక మాట. అర్జునునకు దొరికిన శ్రోత అతనికి బంధువు, సారథి, దేవుడు కూడ. మనకు దొరకువాడు వారమునకొకసారి ముప్పావు గంట కూర్చుండువాడు. పోలిక అంతటితో వదలుదము.)

ఇక నవలలు. సీతారామారావునకు వంశప్రతిష్ఠ అను బరువును తండ్రి అప్పగించిపోయినాడు. ఆస్తి కరగినకొలది ఆ బరువు పెరిగినది. తన పతనమునకు కారణములను అతడు తాను వెదకినంతగా మరియొకరు వెదకలేరు. గోపీచందుగారు తమ తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరిగారు తమకు ప్రశ్నించుట నేర్పినారని కృతజ్ఞతతో ఈ నవలను వారికి అంకితమిచ్చిన సంగతి ప్రసిద్ధము. ఆ ప్రశ్న 'ఎందుకు' అనునది. నవల పొడవునను సీతారామారావు తన్ను తాను 'ఎందుకు' అని పొడుచుకొనుచునే ఉన్నాడు. ఈ ప్రశ్నను తనకు తాను వేసికొనుట వేరు, మరియొకడు వేయుట వేరు. తాను వేసికొన్నపుడు అది నేరవిచారణ యగును. విచారించువాడు, ముద్దాయి, తలారి ఒక్కడే యైన న్యాయస్థానమున తీర్పు ఎట్లుండునో, శ్మశానమున ముగిసిన ఆ కథ అట్లే ముగిసినది. రామయ్యతాత ఒక్కడు ఆ చీకటిలో దీపము వంటివాడు. అతడు సీతారామారావునకు చెప్పునది ఒళ్లు వంచి పని చేయుమని. ఈ సలహాను తక్కువగా చూడవలదు. కుంగియున్న మనిషికి దినచర్యను, శరీరశ్రమను తిరిగి అలవాటు చేయుట నేటి చికిత్సలో ముఖ్యమైన భాగమే. కాని తాత సలహా చెప్పును గాని కథ వినడు. వినియుండిన సీతారామారావు బ్రతికియుండునని నేననను. నవల మరియొకటి అయియుండునని మాత్రము అందును.

'చివరకు మిగిలేది'లో విచిత్రము ఇంకను గాఢమైనది. దయానిధి స్వయముగా వైద్యుడు. తల్లిని గురించి లోకము గుసగుసలాడిన మాటలు అతని ప్రతి ప్రేమమీదను, ప్రతి స్నేహమీదను నీడవలె పడినవి. ఆ నీడకు మందు అతని సంచిలో లేదు. కోస్తాను విడిచి రాయలసీమకు పోయినను నీడ వెంట పోయినది. బుచ్చిబాబుగారు పాశ్చాత్య మనోవిజ్ఞానమును బాగుగా చదివినవారు. తల్లికిని కొడుకునకును గల ముడిని అంత సూక్ష్మముగా విప్పిన తెలుగు రచయిత అంతకు ముందు లేడు. ఐనను కథానాయకుని వైద్యునిగా చేసి, అతనికి వైద్యుని దొరకనీయలేదు. ఇది లోపమని కొందరందురు. నా అభిప్రాయము వేరు. తన వృత్తి తనకు పనికిరాని మనిషి కథ అది. ఇతరుల నాడి పట్టినవాని నాడి పట్టువాడెవడను ప్రశ్న ఆ నవలలో పైకి రాదు, కాని పుటపుటకును అడుగున పారుచున్నది.

అల్పజీవి సుబ్బయ్య మాట మరియొక తీరు. సీతారామారావునకును దయానిధికిని తమ వేదనను తర్కించుకొను భాష, చదువు ఉన్నవి. గుమాస్తా సుబ్బయ్యకు అవి లేవు. అతనికి ఉన్నది భయము ఒక్కటే. పై యధికారియన్న భయము, బావమరిది యన్న భయము, అప్పిచ్చిన గుత్తేదారన్న భయము. శాస్త్రిగారు ఆ భయమునకు ఎట్టి శాస్త్రీయనామమును ఇవ్వక, దాని ఊపిరిని వాక్యములలో వినిపించినారు. నేడు మానసిక చికిత్సకు అన్నిటికంటె ఎక్కువ అవసరమై, దానికి అన్నిటికంటె దూరముగా ఉన్నది సుబ్బయ్యలే గనుక నాలుగింటిలో ఈ నవలయే నాకు ఎక్కువ దగ్గరగా తోచును. 'అంపశయ్య' గురించి చెప్పవలసినది కొద్ది. అది ఒక విద్యార్థి ఒక్కదినపు గాథ. ఒక్కదినములో ఎవడును చికిత్సకు పోడు.

ఈ నాలుగు నవలలలోను వినువాడు పుస్తకము బయట ఉన్నాడు. ఆ వినువాడు పాఠకుడు. పాత్ర తన లోతులను ఎవరికి చెప్పుకొనుచున్నదో దానికే తెలియదు. చైతన్యస్రవంతి యను పద్ధతి పాఠకుని దొంగచాటు శ్రోతగా నిలుపును. తిరిగి ప్రశ్న వేయగల శ్రోతను కథలోనికి రానీయదు. పద్ధతి యొక్క ఈ గుణమే మన మనోవైజ్ఞానిక నవలకు హద్దు గీసినదని నేననుకొందును.

బయట, సాహిత్యచరిత్రలు లెక్కింపని ఒకచోట, తిరిగి మాటాడు శ్రోత ఉండినది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూరుగారు 'ప్రమదావనం' శీర్షికను నాలుగు దశాబ్దములకు పైగా నడపినారు. వంటలు, పుస్తకములు మాత్రమే కాక పాఠకులు తమ కష్టములను వ్రాసి పంపగా ఆమె జవాబులు వ్రాసెడివారు. భర్తతో చెప్పరానిది, తల్లితో చెప్పరానిది, పక్కింటివారికి అసలే చెప్పరానిది కవరులో పెట్టి మద్రాసునకు పంపిన స్త్రీలెందరో! ఆమె మానసిక వైద్యురాలు కాదు. ఆమె జవాబులలో కొన్నిటితో నేను ఏకీభవింపను. కాని తెలుగులో ఒక వయోజనురాలు తన మనోవ్యథను గురించి, బంధువు కాని, తీర్పరి కాని ఒక మనిషికి తనంత తానుగా వ్రాసికొనవచ్చునను అలవాటును పుట్టించినది ఆ శీర్షికయే. 'హృదయనేత్రి'కి 1992లో సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చినపుడు ఆమె నవలలను గురించి వ్రాసినవారు ఈ జవాబులను గురించి వ్రాసియుండవలసినది.

మాటతో చికిత్స యను భావమునకు పేరు పెట్టినది వైద్యుడు కాదు, రోగి. ఆమె వియన్నాకు చెందిన బెర్తా పాపెన్‌హైమ్. 1880–82 సంవత్సరములలో డాక్టరు బ్రాయరు ఆమెకు చికిత్స చేసినాడు. 1895లో బ్రాయరు, ఫ్రాయిడు కలిసి వ్రాసిన గ్రంథమున ఆమె మారుపేరుతో కనబడును. అనువాదకుడను కనుక ఈ కథలో నన్ను పట్టి నిలిపినది వేరొకటి. వ్యాధి తీవ్రముగా ఉన్న కాలమున ఆమెకు మాతృభాషయైన జర్మను తప్పిపోయినది. ఇంగ్లీషు మాత్రమే మిగిలినది. ఫ్రెంచి, ఇటలీ గ్రంథములు చేతికిచ్చిన చూచిన చూపున ఇంగ్లీషులో చదివెడిది. మాటల చికిత్స యను పేరును కూడ ఆమె ఇంగ్లీషులోనే పెట్టినది. అనగా ఆ చికిత్స తన పేరును మాతృభాష పోగొట్టుకొన్న ఒక స్త్రీ నోట, పరభాషలో పొందినది. తరువాత ఆమె రచయిత్రియై, అనువాదకురాలై, మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్టు స్త్రీహక్కుల గ్రంథమును 1899లో జర్మనులోనికి తెచ్చినది. మాతృభాషకు ఆమె ఎట్లు తిరిగి చేరుకొన్నదో వ్రాసినవారు తక్కువ.

ఇది దూరదేశపు కథ యని తలపవలదు. గుజరాతులో సూరత్ జిల్లా పల్సానా తాలూకాలో, ముంబయికి పోవు జాతీయ రహదారి వెంట, కడోదరా చుట్టుపట్ల, బట్టకు రంగులద్దు మిల్లులు, అచ్చు మిల్లులు వరుసగా ఉన్నవి. సూరత్ మరమగ్గములు లక్షల లెక్కలో ఉండును. ఆ మగ్గములనుండి దిగిన గుడ్డలో చాలభాగము ఇట్టి మిల్లులలోనే రంగు పొందును. తెలంగాణపు పద్మశాలీలు, తదితరులు తరతరములుగా ఆ నగరమునకు వలస పోయినారు. వారి నివాసములు ముఖ్యముగా లింబాయత్ మొదలైన నగరభాగములలో ఉన్నవి; పల్సానావైపు మిల్లులకు పనికి పోవువారును కలరు. సూరత్ పురపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడపినది. బ్రతుకు తెలుగులో, పని హిందీలో, అంగడి గుజరాతీలో సాగును. పన్నెండు గంటల పాళీ సామాన్యము. పగటి పాళీవాడు లేచిన పరుపుమీద రాత్రి పాళీవాడు పడుకొను గదులు ఆ ప్రాంతమున కొత్త కాదు.

ఆ ప్రాంతపు ఒక వైద్యశాలలో ఒకనాడు నేను దుబాసి పని చేయవలసి వచ్చినది. వివరములు మార్చి చెప్పుచున్నాను. రోగి నలుబది దాటినవాడు, పూర్వపు కరీంనగరు జిల్లావాడు, మిల్లు పనివాడు. ఎవరును తీసికొనిరాలేదు, తానే సెలవు పెట్టి వచ్చినాడు. ఈ ఒక్క సంగతి నన్ను ఆశ్చర్యపరచినది. వైద్యురాలు గుజరాతీ యువతి. ఆమె హిందీలో అడిగినది. అతడు హిందీలోనే చెప్పినాడు. నిద్ర లేదు, ఆకలి లేదు, తల బరువు. మూడు మాటలతో అతని హిందీ అయిపోయినది. నన్ను తెలుగులో అడుగుమన్నది.

"ఏమైతున్నదన్నా?" అన్నాను.

"ఏం లేదు సార్. రంది పెట్టుకున్న. మిషిన్ బందైనా నా లోపల నడుస్తనే ఉంటది" అన్నాడు.

రెండవ వాక్యమును హిందీలో చెప్పుట తేలిక. మొదటిదానివద్ద ఆగవలసి వచ్చినది. రంది చింత కాదు, దుఃఖము కాదు, భయమును కాదు. లోపల ఒకే విషయము తిరుగుటవలన కలుగు అరుగుదల అది. నేను పర్యాయపదము ఇవ్వక ఈ విధముగా వివరించితిని. ఆమె ఆ మాటను గుజరాతీ లిపిలో చీటిమీద వ్రాసికొని, నేనెదురుచూడని ప్రశ్న వేసినది. 'రంది మీ ఊరిలో దానంతట అది పోవునా, ఎవరైనను పోగొట్టుదురా?' అతడు చాలసేపు ఆలోచించి, "పోదు సార్. తీరాలె" అన్నాడు.

అతని మొదటి వాక్యములోని క్రియను గూర్చి నేను తరువాత చాలకాలము ఆలోచించితిని. తెలుగులో జ్వరము వచ్చును. దయ్యము పట్టును. బెంగ పెట్టుకొందుము. రంది కూడ పెట్టుకొందుము, దిగులును పెట్టుకొందుము. వచ్చినదానికి వైద్యుడు కలడు. పట్టినదానికి భూతవైద్యుడు కలడు. పెట్టుకొన్నదానికి ఎవడు కావలెను? పెట్టుకొన్నవాడే తీసి పారవేయవలెను. అందుచేతనే మన ఊరడింపు సర్వత్ర ఒకే రూపమున ఉండును: 'బెంగ పెట్టుకోకు', 'రంది పెట్టుకోకు'. ప్రేమతో అనెడి మాటయే, కాని దాని వ్యాకరణములో ఒక నింద దాగియున్నది. నీవే కదా దీనిని నెత్తిన పెట్టుకొన్నది, దింపుకో అని. ఆ మనిషి సెలవు పెట్టి, జీతము పోగొట్టుకొని, పరభాషవారి ముందు కూర్చుండి, తన భాషలోని ఈ నిందను దాటి వచ్చినాడు. దానికి ఎంత బలము కావలెనో మన కథలేవియు చెప్పలేదు.

ఇది క్రియలతోనే ఆగదు. మన భావములకు నిలయము కడుపు, గుండె, తల, ఒళ్లు. కడుపుమంట యనగా తెలుగువానికి అసూయయో, అన్యాయముమీది కసియో; హిందీలో దానిని మాటకు మాటగా చెప్పిన వైద్యుడు ఆమ్లమునకు మాత్ర వ్రాయును. కడుపుకోత శస్త్రచికిత్స కాదు. తెలంగాణమున పానం బాగలేదన్నపుడు ఏ అవయవమును తాకి చూడవలెను? బుగులు అన్నది భయమే, కాని కారణము కనబడని భయము. ఈ మాటలన్నియు రోగలక్షణములే. అయితే నిఘంటువు విప్పిన గాని కనబడని లక్షణములు. పత్రికలు ఈ మధ్య వాడుకలోనికి తెచ్చిన 'కుంగుబాటు' మంచి మాటయే. గోడ కుంగును, నేల కుంగును, మనిషి కుంగును; దానిలో నింద లేదు. కాని ఆ మాటతో వైద్యుని వద్దకు వచ్చిన మిల్లు పనివానిని నేనింకను చూడలేదు.

వైద్యశాలలలో వాడు తొమ్మిది ప్రశ్నల పత్రమొకటి ఉన్నది. పీహెచ్‌క్యూ-9 అని దాని పేరు. 2001లో వెలువడినది; తెలుగులోనికిని వచ్చినది. గడచిన రెండు వారములలో ఫలానా బాధ ఎన్ని దినములు కలిగినదని ప్రతి ప్రశ్నయు అడుగును. నాలుగు గడులలో ఒకదానిని ఎంచుకొనవలెను. అనువాదకుని కంటితో చూచిన, చిక్కు మాటలలో కంటె గడులలో ఎక్కువ. మనవాడు దినములు లెక్కింపడు, కథ చెప్పును. 'మొన్న అమాసకు మొదలైంది, చెల్లె పెండ్లి అప్పు కాన్నుంచి' అనును. అది ఏ గడిలోనికి పోవును? అన్నిటికంటె కష్టమైనది మరణచింతనను గూర్చిన తొమ్మిదవ ప్రశ్న. తెలుగువాడు దినమునకు పదిసార్లు చచ్చును. పనితో చచ్చును, ఎండకు చచ్చును, నవ్వలేక చచ్చును. 'చచ్చిపోవాలనిపిస్తుంది' అన్నది అలవాటుగా అన్నాడో, నిజముగా అన్నాడో తెలిసికొనుటకు గడి చాలదు; ఆ భాషలో పుట్టిన చెవి కావలెను. చెవి తప్పినచో పోవునది ఒక ప్రాణము.

ఇచట ఒక గట్టి ఆక్షేపణ కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. అభ్యుదయ మార్గమున నడచిన మిత్రులు, ఇది మనస్సు రోగము కాదు, కూలి రోగము అందురు. పాళీని పన్నెండు గంటలనుండి ఎనిమిదికి దింపుడు, అప్పు తీర్చుడు, రంది దానంతటదే తీరును అందురు. సిరిసిల్ల వారికి సాక్ష్యము. 1990ల చివరనుండి అచటి మరమగ్గముల కార్మికుల ఆత్మహత్యలు మనలను కలచివేసినవి. ఆ మరణముల వెనుక అప్పు, పనిలేమి ఉన్నవని అందరకు తెలిసినదే. పిదప అచటి ప్రభుత్వ వైద్యశాలలో నేతవారికొరకు మానసిక సలహా కేంద్రము వెలసినపుడు, కూలి అడిగినవానికి ఓదార్పు ఇచ్చినారని వెక్కిరించినవారును కలరు. వెక్కిరింతలో సత్యాంశము లేకపోలేదు. పనివానిని మరల పాళీకి పనికివచ్చునట్లు అతుకు వేసి పంపుటయే చికిత్స యైనచో అది మిల్లు మరమ్మతు ఖాతాలోనిదే. రంది 'పోదు, తీరాలె' అన్న మనిషికి ఈ సంగతి వైద్యురాలికంటె ముందే తెలియును.

కాని అప్పు ఉన్న వేయిమందిలో ఉరి పోసికొనువాడు ఒకడు. ఆ ఒక్కనిని తక్కినవారినుండి వేరుచేసినదేమో కూలిలెక్క చెప్పదు. ఈ రాత్రి గడుచుటకు అతనికి ఒక మనిషి కావలెను. సమ్మె ఫలించువరకు ఆగలేడు. రెండు అవసరములును నిజమైనవే. ఒకదానిని చూపి రెండవదానిని కాదనుట మన విమర్శకు చిరకాలపు అలవాటు. 'అల్పజీవి'ని చదివినవారు ఆ అలవాటును మానుకొనియుండవలసినది. సుబ్బయ్య భయమునకు కారణము అతని జీతములో ఉన్నది, అతని బాల్యములోను ఉన్నది. శాస్త్రిగారు రెంటిలో దేనిని వదలలేదు.

గుజరాతులోనే మరియొక దారి తెరచుకొన్నది. మెహసాణా జిల్లా ఉనావాలోని మీరా దాతారు దర్గాకు మనోవ్యాధిగ్రస్తులు తరతరములుగా వచ్చుచున్నారు. తమిళనాట ఏర్వాడిలో 2001లో గొలుసులతో కట్టివేయబడిన రోగులు అగ్నిప్రమాదమున మరణించిన పిదప దేశమంతట ఇట్టి స్థలములమీద దృష్టి పడినది. ఉనావాలో దర్గా ముజావరులును వైద్యులును కలిసి పనిచేయు పద్ధతి ఏర్పడినది. 'దవా, దువా' అని దాని పేరు. పట్టినదని వచ్చినవానిని, ముందు ముజావరు ప్రార్థనతో ఊరడించి, పిదప వైద్యుని గదికి పంపును. క్రియను మార్చకయే చికిత్సను చేర్చినారు. మన పెట్టుకొన్న బెంగకు ఇట్టి వంతెన ఎవరు కట్టుదురో చూడవలెను.

అంకెలు కొన్ని చెప్పవలసియున్నవి. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో నూటికి 10.6 మంది ఏదో ఒక మానసిక వ్యాధితో ఉన్నారని తేలినది. సామాన్య మనోవ్యాధులు గలవారిలో నూటికి 85 మంది వరకు చికిత్స అందనివారు. సర్వే జరిగిన పండ్రెండు రాష్ట్రములలో గుజరాతు ఉన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు లేవు. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము 2018 మే నెలలో అమలునకు వచ్చినది. చికిత్స పొందుట పౌరుని హక్కు అన్నది. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా భావింపవలెనని, శిక్షింపరాదని చెప్పినది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీమానస్‌కు 14416 అను అంకెకు ఫోను చేయవచ్చును. ఇరువది భాషలలో సేవ కలదు, వానిలో తెలుగు ఒకటి. పల్సానాలోని గదినుండియు ఆ అంకెను నొక్కవచ్చును. ఆ చీకటి గదిలో, తక్కినవారు నిద్రించుచుండగా, గొంతు తగ్గించి, మొదటి వాక్యముగా అతడేమనును? కథ అచట మొదలగును.

అట్టి కథను ఎవరైనను వ్రాయబూనిన వెంటనే ఎదురగు చిక్కు ఒకటి నాకు తెలియును. పంజాబీ కవి, మనోవైద్యుడు అయిన జస్వంతసింగు నేకీగారు 1973లో, పాశ్చాత్య చికిత్సలోని సమాన దూరపు సంబంధము మన దేశమున పొసగదనియు, గురుశిష్య సంబంధమును మాదిరిగా తీసికొనవచ్చుననియు ఒక వ్యాసమున ప్రతిపాదించినారు. ఆయన సాహిత్య అకాడెమీ పురస్కారము పొందిన కవి. వైద్యమును, కవిత్వమును ఒకే చేత్తో వ్రాసినవాడు. ఆ ప్రతిపాదనను నేను పూర్తిగా అంగీకరింపను. గురువు ముందు శిష్యుడు చెప్పగూడనివి చాల ఉన్నవి. అవే వైద్యుని ముందు చెప్పవలసినవి. కాని ఆయన చిక్కును సరిగా పట్టినారు, అది మన సర్వనామములలో ఉన్నది. వైద్యుడు రోగిని 'మీరు' అన్న ఆఫీసు వాసన వచ్చును. రోగి కాగితము కట్టవలె బిగుసుకొనును. 'నువ్వు' అన్న పెద్దరికము. రోగి చేతులు కట్టుకొనును. 'అన్నా' అన్న చుట్టరికము. చుట్టమునకు చెప్పరానిది గనుకనే అతడిచటికి వచ్చినాడు. 'తమ్ముడూ' అన్న మాట వినగానే అతడు ఏడ్చును, ఏమియు చెప్పడు. ఆ గదిలో నేను 'అన్నా' అన్నాను; అతడు నన్ను 'సార్' అన్నాడు. వైద్యురాలు ఇద్దరినీ 'ఆప్' అన్నది. మూడు పిలుపులు, ఒక బల్ల, దానిమీద చీటిలో గుజరాతీ అక్షరములలో ఒక తెలంగాణపు మాట. దీనిని సంభాషణగా వ్రాయగల రచయిత మొదట ఏ పిలుపును ఎన్నుకొనునో చూడవలెనని నాకు కోరిక.